రెసిపీ సరిగ్గానే ఉంది, మంటే ఎక్కువైంది: వంటింటి ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ వరసగా చదువుతుంటే ఒకటే మాట మళ్ళీ మళ్ళీ కనపడింది, "రెసిపీలో చెప్పినట్టే చేశానండి, అయినా సరిగ్గా రాలేదు" అని. నిజమే, మీలో చాలామంది కొలతలు ఎక్కడా తప్పలేదు. కానీ రెసిపీల్లో కొలతలుంటాయి గానీ మంట ఎంత ఉండాలో, గిన్నెలో ఏం కనపడితే దించాలో చాలావాటిల్లో రాయరు. "మీడియం మంట మీద 10 నిమిషాలు" అంటారు, మీ స్టవ్ మీద మీడియం వేరు, రాసినవాళ్ళ స్టవ్ మీద మీడియం వేరు, గిన్నె మందం వేరు, ఇంక ఆ 10 నిమిషాలకి అర్థం ఏముంటుంది చెప్పండి. అందుకే ఈ జవాబుల్లో గడియారం కన్నా కంటికి ఏం కనపడాలో ఎక్కువ రాశాను.

ప్రశ్న: అక్కా, ఉద్యోగం వచ్చి కొత్తగా ఒక్కడినే రూమ్ తీసుకుని ఉంటున్నాను. ఒక ఇండక్షన్ స్టవ్, ఒక నాన్‌స్టిక్ పాన్, ఒక చిన్న గిన్నె ఉన్నాయి, అంతే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఓపిక ఉండట్లేదు. రోజూ బయట తినకుండా ఉండాలంటే ముందు ఏం నేర్చుకోమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు కోడిగుడ్లు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, ఈ మూడూ ఇంట్లో ఎప్పుడూ ఉండేలా చూసుకో. ఈ మూడింటితో ఒక మందపాటి ఆమ్లెట్ వస్తుంది, అది నేర్చుకుంటే రాత్రికి సగం, పొద్దున్నకి సగం, రెండు పూటలు గడిచిపోతాయి. 2 మీడియం దుంపలు చెక్కు తీసి పల్చటి చక్రాల్లా కోసుకో, ఒక ఉల్లిపాయ సన్నగా తరుగు. పాన్‌లో 3, 4 పెద్ద చెంచాల నూనె పోసి రెండూ వేసి కొంచెం ఉప్పు చల్లి మూత పెట్టెయ్, మంట తక్కువలో ఉండాలి, ఇక్కడ దుంపలు వేగక్కర్లేదు, మగ్గాలి. మధ్య మధ్యలో కలుపుతూ ఉండు, కత్తి మొన గుచ్చితే అడ్డం లేకుండా దిగిపోవాలి, అప్పుడు అయినట్టు. ఈలోపు 4 గుడ్లు కొంచెం ఉప్పు వేసి గిలక్కొట్టి పెట్టుకో. దుంపల్ని నూనె వదిలించి ఆ గుడ్లలో వేసి ఒక 5 నిమిషాలు అలా వదిలెయ్, ఈ 5 నిమిషాలు మాత్రం మానొద్దు, దుంప ముక్కల మధ్యలోకి గుడ్డు వెళ్ళేది అప్పుడే. తర్వాత అదంతా మళ్ళీ పాన్‌లో పోసి బాగా చిన్న మంట మీద పెట్టు. అంచులు గట్టిపడి మధ్యలో మాత్రం ఇంకా కదులుతున్నప్పుడు పైన ఒక పళ్ళెం బోర్లించి, పాన్‌ని ఒక్కసారి తిరగేసి, పళ్ళెంలోంచి మళ్ళీ పాన్‌లోకి జార్చు, ఇంకో 2 నిమిషాలు చాలు. తిరగేసేముందు చెయ్యి కాలకుండా గుడ్డ పట్టుకో.

మంట ఎందుకు తగ్గించమంటున్నానంటే, గుడ్డు తెల్లసొన 62 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గట్టిపడటం మొదలెడుతుంది, పచ్చసొన 70 వచ్చేసరికి గట్టిపడిపోతుంది, అంటే నీళ్ళు మరిగే వేడి కన్నా చాలా తక్కువలోనే గుడ్డు ఉడికిపోద్ది. ఆ పైన ఇచ్చే వేడంతా గుడ్డులో ఉన్న నీళ్ళని బయటికి పిండేస్తుంది, అందుకే హోటల్లో ఆమ్లెట్ కన్నా మనది రబ్బరులా సాగుతుందని అందరూ అంటుంటారు. ఇంకోటి, చాలా ఇండక్షన్ స్టవ్‌లు తక్కువ పవర్‌లో పెడితే ఆగి ఆగి వేడెక్కుతాయి, పైగా పాన్ మధ్యలోనే ఎక్కువ కాలుతుంది, కాబట్టి పాన్‌ని అప్పుడప్పుడు కొంచెం పక్కకి జరుపుతూ ఉండు.

అది కూడా చేసే ఓపిక లేని రోజు గుడ్లు ఉడకబెట్టుకో. ముందు నీళ్ళు మరిగించి, తర్వాత గుడ్లు మెల్లగా దించు, 7 నిమిషాలకి పచ్చసొన జారుగా ఉంటుంది, 11 నిమిషాలకి పూర్తిగా గట్టిపడుతుంది. తీయగానే చల్లటి నీళ్ళలో వెయ్. చల్లటి నీళ్ళలో పెట్టి మొదలెట్టిన గుడ్డు కన్నా మరిగే నీళ్ళలో వేసిన గుడ్డుకి పెంకు తేలిగ్గా ఊడుతుంది. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత కనపడితే భయపడకు, చెడిపోయిందని కాదు, ఎక్కువసేపు ఉడికితే పచ్చసొనలో ఇనుము, తెల్లసొనలో గంధకం కలిసి ఆ రంగు వస్తుంది.

ప్రశ్న: ఉల్లిపాయలు 5 నిమిషాల్లో ఎర్రగా వేగుతాయని రాస్తారు, నాకు ఎప్పుడూ అలా అవ్వట్లేదు. మంట పెంచితే అంచులు మాడిపోయి మధ్యలో పచ్చిగా ఉంటున్నాయండి.

జవాబు: మీ తప్పేం లేదండి, 5 నిమిషాల్లో అవ్వవు. మెత్తబడటానికే 8, 10 నిమిషాలు పడుతుంది, తియ్యగా ముదురు గోధుమ రంగులోకి రావాలంటే చిన్న మంట మీద 35 నుంచి 45 నిమిషాలు. ముందు లోపలి నీళ్ళు పోవాలి, ఆ తర్వాతే రంగు మొదలవుతుంది. మొదట్లో చిటికెడు ఉప్పు వేసి మూత పెడితే నీళ్ళు త్వరగా బయటికొస్తాయి, తర్వాత మూత తీసెయ్యండి. అడుగున అంటుకుని ఎర్రగా కనపడితే ఒక చెంచా నీళ్ళు చల్లి గీకండి, ఆ అంటుకున్నదాంట్లోనే రుచంతా ఉంటుంది. వెల్లుల్లి మాత్రం చివర్లో వెయ్యండి, ముందే వేస్తే అది మాడి చేదెక్కుతుంది. సెలవు రోజు ఒక కిలో వేయించి చిన్న చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే వారం మధ్యలో సూప్‌లోకైనా గుడ్లలోకైనా చాలా పని కలిసొస్తుంది.

ప్రశ్న: మిగిలిన అన్నంతో ఫ్రైడ్ రైస్ చేస్తే బాగుంటుందంటారు కదా, రాత్రి అన్నం అలాగే స్టవ్ మీద వదిలేసి పొద్దున్న చేసుకోవచ్చా? ఎలాగూ వేడి చేస్తాం కదా.

జవాబు: వద్దండి, ఈ ఒక్క విషయంలో నేను చాలా గట్టిగా చెప్తాను. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, అవి అన్నం ఉడికినా చావవు. అన్నాన్ని గోరువెచ్చగా గంటల తరబడి బయట వదిలేస్తే అవి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు, వాంతులు, విరేచనాలు అవుతాయి. వాసన రాలేదు కదా, జిగురు లేదు కదా అనుకోవడానికి లేదు, పైకేం తెలీదు. అన్నం మిగిలిందనిపిస్తే వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పరిచి, గంటలోపు చల్లార్చి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి, మర్నాడే వాడేసుకోండి, తినేముందు పొగలొచ్చేంత వేడి చెయ్యండి, అదీ ఒక్కసారే.

ఇంక రుచి సంగతికొస్తే, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నమే ఫ్రైడ్ రైస్‌కి బాగుంటుంది. చల్లారాక మెతుకులోని పిండి మళ్ళీ బిగుసుకుంటుంది, పైన తడి ఆరుతుంది, అందుకే పొడిపొడిగా విడిపోతుంది. చేతులు తడి చేసుకుని ఉండలు ముందే విడదీసుకోండి. పాన్ బాగా కాలాక, ఒకేసారి అంతా వెయ్యకుండా ఇద్దరికి సరిపడా వెయ్యండి. ఎక్కువ వేస్తే ఆవిరి బయటికి పోవడానికి చోటుండదు, అన్నం వేగకుండా ఉడుకుతుంది. పైన అంతా మంట తగ్గించమన్నాను గానీ ఇక్కడ మాత్రం పెంచాలి.

ప్రశ్న: రాజ్మా రాత్రంతా నానబెట్టినా మెత్తగా ఉడకట్లేదండి. ఉప్పు ముందే వేస్తే గట్టిపడతాయని మా అత్తయ్య అంటారు. నిజమేనా?

జవాబు: అత్తయ్యగారి మాట కాదనాలని కాదు గానీ, అసలు అడ్డం పడేది ఉప్పు కాదు, పులుపు. టమాటా, నిమ్మరసం, వెనిగర్ లాంటివి ముందే వేస్తే గింజ లోపల పొరలు కరగవు, ఎంతసేపు ఉడికినా నోట్లో ఇసకలా తగులుతుంది. రాజ్మా గింజలు మెత్తబడ్డాకే టమాటా వెయ్యండి. ఉప్పైతే నానబెట్టే నీళ్ళలోనే వెయ్యొచ్చు, లీటరుకి ఒక పెద్ద చెంచా, అలా చేస్తే తొక్క మెత్తబడుతుంది, లోపలికి రుచి కూడా పడుతుంది. మీ ఇంటి నీళ్ళలో కాల్షియం ఎక్కువున్నా గింజలు ఉడకవు, కెటిల్‌లో తెల్లగా పేరుకుంటుంటే అదే గుర్తు, అప్పుడు చిటికెడు వంటసోడా వెయ్యండి, ఎక్కువేస్తే సబ్బు రుచి వస్తుంది జాగ్రత్త. ఇవన్నీ చూసుకున్నా ఉడకలేదంటే గింజలు బాగా పాతవి, ఇంక ఏం చేసినా లాభం లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. రాజ్మా పచ్చిగా, సగం ఉడికినవి తినకూడదు, వాటిల్లో లెక్టిన్ అనే పదార్థం ఎక్కువ, నాలుగైదు గింజలకే కడుపు బాగా పాడవుద్ది. నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు బాగా తెర్లనిచ్చి, ఆ తర్వాతే సన్న మంట మీద ఉడికించండి. స్లో కుక్కర్‌లో నేరుగా వేసేవాళ్ళున్నారు, అది మరిగే వేడికి చేరకపోవచ్చు కాబట్టి అందులో వేసేముందు స్టవ్ మీద మరిగించడం తప్పనిసరి. ప్రెజర్ కుక్కర్‌లో ఆ భయం లేదు, లోపల 120 డిగ్రీల దాకా వెళ్తుంది.

ప్రశ్న: కూరలో ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేస్తే లాగేస్తుందంటారు?

జవాబు: ప్రత్యేకంగా ఉప్పుని ఏం లాగదండి, ఏ ముక్కైనా ఆ ఉప్పు నీళ్ళనే కొంచెం పీలుస్తుంది, మిగిలిన రసం అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు లేని నీళ్ళో, ఉప్పు వెయ్యని ఉడికించిన కూరగాయలో, పాలో కలిపి మొత్తం కూరనే పెంచాలి, అదే మార్గం. కొంచెమే ఎక్కువైతే చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, ఉప్పు తగ్గదు గానీ నాలుకకి అంత తెలీదు.

ప్రశ్న: కస్టర్డ్ పౌడర్‌తో కస్టర్డ్ చేస్తాను, రిచ్‌గా ఉంటుందని ఒక గుడ్డు పచ్చసొన కూడా కలుపుతాను. గుడ్డు విరిగిపోతుందని చిక్కబడగానే దించేస్తాను. రాత్రి చిక్కగా బాగుంటుంది, పొద్దున్న చూస్తే నీళ్ళలా అయిపోతోంది. పళ్ళు వేస్తే ఇంకా పల్చగా అవుతోంది. ఏం చెయ్యాలి మేడమ్?

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబుంది, చిక్కబడగానే దించేస్తున్నారు కదా, అక్కడే వస్తోంది. పచ్చసొనలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, దాని పనే పిండిని కరిగించడం. బాగా మరిగితేనే అది పనిచెయ్యడం మానేస్తుంది, లేకపోతే రాత్రంతా ఫ్రిజ్‌లో కూర్చుని మీరు కష్టపడి చిక్కబరిచిన పిండిని కొంచెం కొంచెంగా పల్చన చేస్తూనే ఉంటుంది. గుడ్డు విరుగుతుందన్న భయం పిండి లేని కస్టర్డ్‌కే, పిండి కలిసినప్పుడు అది గుడ్డుని కాపాడుతుంది. కాబట్టి ధైర్యంగా, గిన్నె మధ్యలోంచి బుడగలు టప్ టప్ మని పైకొచ్చేదాకా ఉంచి, ఇంకో నిమిషం పాటు కలుపుతూ మరగనివ్వండి.

కొలత అరలీటరు పాలకి 2 పెద్ద చెంచాల పౌడర్ నిండుగా, 3 చెంచాల పంచదార. పౌడర్‌ని చల్లటి పాలలోనే కలపాలి, వేడి పాలలో వేస్తే పై పొర వెంటనే ఉడికి లోపల పొడి పొడిగా ఉండలు కట్టేస్తుంది, ఆ ఉండలు తర్వాత ఎంత కలిపినా పోవు. పచ్చసొనని కూడా ఆ చల్లటి మిశ్రమంలోనే కలిపెయ్యండి, తర్వాత మరిగిన పాలు కొంచెం అందులో పోసి, అప్పుడు మొత్తం గిన్నెలోకి పొయ్యండి. అడుగు, మూలలు గరిటెతో గీకుతూ ఉండాలి, అక్కడే అంటుకుంటుంది.

ఇంకో చిన్న విషయం చెప్తా, చాలామందికి తెలీదు. రుచి చూసిన చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టకండి. మన లాలాజలంలో కూడా అమైలేజే ఉంటుంది, ఆ ఒక్క చెంచాతోనే కస్టర్డ్ నీరుకారిపోవచ్చు. పళ్ళ సంగతంటారా, అవి పంచదార తగిలితే రసం వదులుతాయి, అందుకే తినేముందు కలపండి. పైనాపిల్, కివీ, బొప్పాయి ఉడికించకుండా పాలల్లో కలిపి ఉంచితే చేదెక్కుతాయి, వాటిల్లోని ఎంజైమ్‌లు పాల ప్రోటీన్‌ని విరగ్గొడతాయి. అరటి, యాపిల్, ద్రాక్ష, మామిడి బాగుంటాయి. చల్లారేటప్పుడు మీగడ కట్టకూడదంటే ప్లాస్టిక్ కవర్ ఒకటి కస్టర్డ్‌కి తగిలేలా పరవండి.

అన్నట్టు, కస్టర్డ్ పౌడర్ అంటే ఏదో గుడ్డు పొడి అనుకునేవాళ్ళు ఉన్నారు, అసలు అందులో గుడ్డే లేదు, కార్న్‌ఫ్లోర్, రంగు, వెనిల్లా వాసన, అంతే. 1837లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన దీన్ని తయారుచేసింది వాళ్ళావిడకి గుడ్లు పడేవి కాదనే. ఒక మనిషి భోజనం ఆనందంగా ముగియాలని పుట్టిన పొడి ఇది, నాకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఇష్టం.

ప్రశ్న: క్యారమెల్ పుడ్డింగ్ చేస్తే లోపలంతా రంధ్రాలు రంధ్రాలుగా స్పాంజిలా వస్తోంది, చుట్టూ నీళ్ళు ఊరుతున్నాయి. ఒవెన్ లేదు, కుక్కర్‌లో ఆవిరి మీద చేస్తాను.

జవాబు: ఒవెన్ అక్కర్లేదండి, కుక్కర్‌లోనే చక్కగా వస్తుంది, ఆ నీళ్ళు గలగలా మరగకుండా చూసుకోవాలి. పాలూ గుడ్లూ కలిపిన మిశ్రమం దాదాపు 80 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. కింద నీళ్ళు తెర్లుతుంటే పుడ్డింగ్ అంచులు 90 దాటిపోతాయి, లోపల ఆవిరి బుడగలు లేచి రంధ్రాలు పడతాయి, గుడ్డు బిగుసుకుని నీళ్ళు వదిలేస్తుంది. మీరు చెప్పిన రెండూ ఒకే కారణంతో వస్తున్నాయి.

నేను చేసే పద్ధతి చెప్తా. ముందు క్యారమెల్: 100 గ్రాముల పంచదార, 2 చెంచాల నీళ్ళు. అది మరిగేటప్పుడు చెంచా పెట్టి కలపొద్దు, కలిపితే మళ్ళీ పంచదార పలుకులు కడుతుంది, గిన్నెనే పట్టుకుని మెల్లగా తిప్పండి. అంచుల్లో ముందు లేత పసుపు వస్తుంది, తర్వాత తేనె రంగు, అక్కడ ఇంక కళ్ళు తిప్పకూడదు, క్షణాల్లో ముదురుతుంది. టీ డికాషన్ రంగు రాబోతుండగానే స్టవ్ ఆపండి, గిన్నె వేడికి అదే ఇంకొంచెం ముదురుతుంది. వెంటనే పుడ్డింగ్ గిన్నెలో పోసి అటూ ఇటూ వంచండి. 160 డిగ్రీలు దాటిన పంచదార అది, చర్మం మీద పడితే అంటుకుపోతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

తర్వాత 4 గుడ్లు, 80 గ్రాముల పంచదార నురగ రాకుండా కలపండి, బీటర్ వద్దు, ఫోర్క్ చాలు, ఆ నురగ కూడా బుడగలుగా మిగులుతుంది. అరలీటరు పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వేడి చేసి సన్నటి ధారగా గుడ్లలో పోసి, వెనిల్లా వేసి, వడకట్టండి. వడకట్టడం బద్ధకించొద్దు, గుడ్డులో ఉండే తెల్లటి తాడులాంటిది అప్పుడే పోతుంది. కుక్కర్‌లో రెండంగుళాల నీళ్ళు, అడుగున మడిచిన గుడ్డ, దాని మీద గిన్నె, గిన్నెకి అల్యూమినియం ఫాయిల్ కట్టండి, లేదంటే కుక్కర్ మూతకి పొడి టవల్ చుట్టండి, ఆవిరి చుక్కలు పుడ్డింగ్ మీద పడకూడదు. విజిల్ పెట్టొద్దు, గాస్కెట్ కూడా తీసెయ్యండి. నీళ్ళు అంచుల్లో చిన్న చిన్న బుడగలు వేస్తుంటే చాలు. 25 నిమిషాలకి మూత తీసి గిన్నెని కొంచెం కదిపి చూడండి, అంచులు నిలబడి మధ్యలో రెండంగుళాల మేర జెల్లీలా వణుకుతుంటే తీసెయ్యండి. అయ్యో మధ్యలో ఉడకలేదే అనిపిస్తుంది, ఆ వేడికే అది సర్దుకుంటుంది. చల్లారాక ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి, అడుగున గాజులా గట్టిపడిన క్యారమెల్ పుడ్డింగ్‌లోని తడి పీల్చుకుని పాకంలా కరిగేది ఆ టైమ్‌లోనే. మర్నాడు అంచు చుట్టూ కత్తి తిప్పి, గిన్నె అడుగు నిమిషంపాటు వేడి నీళ్ళలో ఉంచి, బోర్లించండి.

ప్రశ్న: నా కేక్ ప్రతిసారీ మధ్యలో కుంగిపోతోంది. 1 కప్పు మైదా, 2 చెంచాల బేకింగ్ పౌడర్ వేస్తున్నాను. సోడా వేస్తే బాగుంటుందా?

జవాబు: పౌడరే ఎక్కువైందండి. కప్పు మైదాకి ఒక టీస్పూన్, మహా అయితే ఒకటింపావు చాలు. ఎక్కువేస్తే కేక్ గబగబా పైకి లేస్తుంది గానీ పిండి గట్టిపడేలోపే ఆ గాలి బయటికి పోయి కూలబడుతుంది. సోడా వేరు, అది పౌడర్ కన్నా చాలా ఘాటు, పైగా పెరుగో నిమ్మరసమో ఏదో ఒక పులుపు ఉంటేనే వెయ్యాలి, కప్పుకి పావు టీస్పూన్. డబ్బా పాతదైతే పరీక్ష చెయ్యండి, పౌడర్ వేడి నీళ్ళలో, సోడా నిమ్మరసంలో వేస్తే బుసబుసమని పొంగాలి.

కప్పు దగ్గర కూడా తేడా వస్తుంది. అమెరికా రెసిపీల్లో కప్పంటే దాదాపు 240 మిల్లీలీటర్లు, కొన్ని దేశాల్లో 250, ఆస్ట్రేలియాలో టేబుల్‌స్పూనే 20 మిల్లీలీటర్లు, మిగతాచోట్ల ఎక్కువగా 15. అదే కప్పులో మైదా చెంచాతో వదులుగా పోస్తే 120 గ్రాములు, డబ్బాలో ముంచి నొక్కి తీస్తే 150 దాకా వస్తుంది. చిన్న కాటా ఒకటి కొనుక్కోండి, కేకులు చేసేవాళ్ళకి దాన్ని మించిన వస్తువు లేదని నా గట్టి నమ్మకం. మైదా వేశాక పొడి కనపడకుండా పోయేదాకా కలిపి ఆపెయ్యండి, ఎక్కువ కలిపితే గట్టిగా సాగినట్టు వస్తుంది. మొదటి 25 నిమిషాలు మూతగానీ తలుపుగానీ తెరవొద్దు.

ప్రశ్న: పైనాపిల్ ముక్కలు వేసి జెల్లీ చేస్తే గట్టిపడలేదు, రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచినా నీళ్ళే.

జవాబు: జెలటిన్‌తో చేసుంటారు, అంటే జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే పొడితో. ఉడికించని పైనాపిల్‌లో ఉండే ఎంజైమ్ జెలటిన్‌ని ముక్కలు చేసేస్తుంది, ఇంకో వారం ఉంచినా గట్టిపడదు. ముక్కల్ని 5 నిమిషాలు ఉడికించి వాడండి, లేదా డబ్బాలో వచ్చేవి వాడండి, అవి ముందే వేడి చేసుంటారు. అగర్ అగర్‌తో చేస్తే ఈ ఇబ్బందే లేదు, అది సముద్రపు నాచులోంచి వస్తుంది కాబట్టి శాకాహారులూ తినొచ్చు, కాకపోతే దాన్ని బాగా మరిగించి కరిగించాలి, తర్వాత ఫ్రిజ్ లేకుండానే గట్టిపడుతుంది.

ప్రశ్న: పిల్లలు రోజూ ఏదో ఒక స్వీట్ అడుగుతారు. పంచదార వెయ్యకుండా, ఎక్కువ పని లేకుండా ఏదైనా చెప్పండి.

జవాబు: తొక్క మీద నల్ల చుక్కలొచ్చిన అరటిపళ్ళు తీసుకోండి, అవే బాగా తియ్యగా ఉంటాయి. చక్రాల్లా కోసి, ఒకదానికొకటి అంటుకోకుండా పళ్ళెంలో పరిచి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. మర్నాడు మిక్సీలో వేసి ఆపి ఆపి తిప్పండి, ముందు ఇసకలా పొడి పొడిగా కనపడుతుంది, ఇది అవ్వదేమో అనిపిస్తుంది, జార్ పక్కల్ని గీకి మళ్ళీ తిప్పండి, ఉన్నట్టుండి నున్నగా ఐస్‌క్రీమ్‌లా మారిపోద్ది. పాలు పొయ్యొద్దు, పోస్తే పల్చగా అయిపోతుంది. ఒక చెంచా కోకో పౌడరో, వేరుశనగ ముద్దో వేసి ఇంకోసారి తిప్పితే పెద్దవాళ్ళూ అడిగి మరీ తింటారు. అప్పటికప్పుడు తినేస్తేనే మెత్తగా ఉంటుంది, మిగిలింది మళ్ళీ ఫ్రీజర్‌లో పెడితే రాయిలా అవుద్ది, అప్పుడు తినేముందు 10 నిమిషాలు బయట పెట్టి ఇంకోసారి మిక్సీలో తిప్పండి.